స్పాయిలరట, స్పాయిలర్!

మా రోజుల్లో కథ చివర ఏమవుతుందో ముందే చెప్పినందుకు ఎవరూ మొహం మాడ్చుకునేవారు కాదు. శ్రీరామనవమి పందిట్లో హరిదాసుగారు గజ్జెలు సవరించుకుని ఈ రాత్రి రుక్మిణీ కల్యాణం అనగానే, ముందు వరస చాప మీద కూర్చున్న పిల్లకాయకి కూడా అంతా తెలుసు. కృష్ణుడొస్తాడు, రుక్మిణిని రథం ఎక్కించుకుపోతాడు, అడ్డొచ్చిన రుక్మికి గుండు గొరుగుతాడు. పెళ్లి సంగతి కథ పేరులోనే ఉంది, ఇంక దాచడానికేముంది? అయినా జనం పెందరాళే భోజనాలు కానిచ్చుకుని, చాపలు చంకన పెట్టుకుని వచ్చి జాగా పట్టుకునేవారు. వాళ్లలో సగంమంది కిందటేడూ విన్నవాళ్లే.

ఇప్పుడు మా మనవడున్నాడు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం. మంచి పిల్లాడు, పుస్తకాలంటే ఇష్టమే. దసరాకి వచ్చినప్పుడు పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ చేతికిచ్చి, అందులో ముష్టిమనిషి చివరికేమవుతుందో చెప్పి, ‘అక్కడికొచ్చాక ఆ రావుగారిని చూడరా’ అన్నాను. ‘తాతయ్యా! స్పాయిలర్ చెప్పేశావు, ఇంకేం చదువుతాను’ అంటూ పుస్తకం మూసి బల్ల మీద పడేశాడు. ఆ కథ 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వాళ్ల ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి తెచ్చుకుంది. అప్పట్నుంచి దాన్ని పాఠంగా చెప్పినవాళ్లూ, చెప్పించుకున్నవాళ్లూ, ఊరికే చదువుకున్నవాళ్లూ ఎంతమందో. ముగింపు తెలిసే మళ్లీ మళ్లీ తెరుస్తున్నారు. స్పాయిలరట, స్పాయిలర్! ఒక్క మాట చెబితే పాడైపోయే కథైతే అది పాడైపోవడమే లోకానికి మంచిది.

నా కోపం వాడి మీద కాదు లెండి. ఏటా ఒక సంస్థవారు పోటీకొచ్చిన కథల కట్ట నాకు పంపుతారు, రిటైరైన తెలుగు మాస్టారు ఖాళీగా ఉంటాడు కదా అని. కట్ట విప్పితే మొదటి కథ మొదటి వాక్యంలోనే శవం. రెండోదాంట్లో అర్ధరాత్రి ఫోను. మూడోదాంట్లో ఎవరో మేడ మీంచి దూకబోతున్నారు. మొదటి వాక్యంలోనే పాఠకుడి పీక పట్టుకోవాలని ఏదో వర్క్‌షాపులో చెప్పారట. సరే, పట్టుకున్నావు, తరవాతేం చేస్తావు? ఎత్తుకోవడమే తారషడ్జంలో ఎత్తుకున్నవాడికి పైకి పోవడానికి చోటుండదు, కిందికి దిగితే జనం లేచిపోతారేమోనని బెంగ. అలా అరుచుకుంటూనే ఆఖరి పేజీకి చేరి, అక్కడో మెలిక. పోయాడనుకున్నవాడు బతికే ఉన్నాడు, లేకపోతే ఇదంతా కల. ఆ మెలిక తెలిశాక రెండోసారి చదవమంటే, నా పెన్షన్ పెంచుతానన్నా చదవను.

త్యాగరాజస్వామి (1767–1847) కృతి విన్నవాడెవడూ అలా రాయడు. ఖరహరప్రియలో ‘చక్కని రాజమార్గము’ తీసుకోండి. రాచబాట ఉండగా సందుగొందుల్లో పడతావేం అని మనసుని అడగడం, పల్లవి సారమంతా అంతే. మొదటిసారి సాదాగా, నాలాంటి గొంతులేనివాడు కూడా కూనిరాగం తీసుకోగలిగినట్టు వస్తుంది. రెండోసారి చివర చిన్న విరుపు. మూడోసారి ఇంకో చోట కదలిక. ఈ మార్పులే సంగతులు, ఒక్కో సంగతీ ఒక్కో మెట్టు పైకెక్కుతుంది. మాటలు అవే, ఒక్క అక్షరం మారదు. కానీ మొదట బుజ్జగించినట్టున్న మాట నడుమ మందలింపవుతుంది, పై షడ్జం తాకేసరికి అయ్యో అని తనమీద తనే వాపోయినట్టుంటుంది. అనుపల్లవీ చరణమూ అయ్యాక మళ్లీ పల్లవికొచ్చినప్పుడు ఆ మొదటి సాదా వరసే ఇదివరకున్నంత సాదాగా ఉండదు. పాడేవాడికీ వినేవాడికీ అది ఎన్నోసారో లెక్కుండదు. వచ్చే సంగతి ఏమిటో కచేరీకెళ్లినవాడికి బాగా తెలుసు, తెలుసు కనకే దానికోసం చెవులు రిక్కించుకుని కూర్చుంటాడు. మొదటి సంగతి వదిలేసి నేరుగా ఆరోదానికి దూకిన విద్వాంసుణ్ణి నా జన్మలో చూడలేదు. కథకుల్లో మాత్రం బోలెడంతమంది.

మాది విజయనగరం. ఇక్కడ పుట్టి పెరిగినవాడికి సంగీతం రాకపోయినా చెవి మాత్రం వచ్చేది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) నడయాడిన వీధులివి. రెండు చేతులా, రెండు కాళ్లా, తలతోనూ వేరువేరు తాళాలు ఒకేసారి నడిపేవారని మా నాన్న తరం కళ్లింత చేసుకుని చెప్పేది. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెడితే దానికి మొదటి ప్రిన్సిపాలు ఆయనే. విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేత వయొలిన్ వాయింపించి, విని, నువ్వు నేర్చుకోవడానికి కాదు నేర్పడానికి పనికొస్తావని అధ్యాపకుడిగా తీసుకున్నారు. విని తీసుకున్నారు, అదీ చూడండి. నా దగ్గరికొచ్చే కథలకి ముందు పదాలు లెక్కపెడతారు, మార్జిన్లు కొలుస్తారు, ఫాంటు చూస్తారు. చెవిని మాత్రం ఎవరూ అడగరు.

అదే ఊళ్లో గురజాడ అప్పారావుగారు (1862–1915). ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చయింది. అప్పటికే పేరొచ్చేసింది. ఇంకొకరైతే శాలువా కప్పుకుని కూర్చునేవారు. ఆయన మళ్లీ ఎత్తుకుని, మొదలంటా తిరగరాసి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. అయిదంకాల నాటకం ఏడంకాలైంది, మధురవాణి మనం ఎరిగిన మధురవాణి అయింది. ఇవాళ మనం ఇళ్లల్లో గిరీశం మాటలు వాడుకునేది ఆ రెండో కూర్పు పుణ్యాన. సంగతులు వెయ్యడమంటే అదీ. ఇప్పుడో? ఆదివారం పొద్దున్న ఆలోచన, మధ్యాహ్నం టైపింగు, సాయంత్రం వాట్సాప్ గ్రూపులోకి, రాత్రికల్లా ‘సూపర్ సర్’లు. సోమవారానికి రాసినవాడే మరచిపోతాడు.

ఆ గురజాడవారే 1910లో ముత్యాల సరాలు తెచ్చారు. దానికి ఛందస్సు పాఠం అక్కర్లేదు, బల్ల మీద వేళ్లతో తకిట తకధిమి కొడితే చాలు, మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. ఆఖరి పాదం పొట్టిగా ఉండి ఊపిరి తీసుకోనిస్తుంది. దేశభక్తి గేయం నేను తొమ్మిదో తరగతికి అలాగే చెప్పేవాణ్ణి, వెనక బెంచీ రౌడీల చేత దరువు వేయించి. క్లాసులో ఎప్పుడూ నోరు విప్పనివాడు కూడా దరువుకి మాత్రం తప్పిపోయేవాడు కాదు.

వచనానికి దరువెందుకని అడుగుతారు. ఎందుకో చూపిస్తాను. ఈసారి కట్టలో ఒకాయన ఇలాంటి వాక్యం రాశాడు: ‘అతను తన యొక్క చేతులను తన ప్యాంటు జేబులలో ఉంచుకుని ఆమె యొక్క కళ్లలోకి చూస్తూ ఒక చిరునవ్వును నవ్వాడు.’ పైకి చదవండి. మధ్యలో ఊపిరి ఆడుతుందా? నవ్వే అవకాశం ఆ మనిషికేమైనా మిగిలిందా? ‘జేబుల్లో చేతులు పెట్టుకుని ఆమె వంక చూసి నవ్వాడు’ అంటే పోయేదేమిటి? రాసినాయన తన కథని ఒక్కసారైనా గొంతెత్తి చదువుకుని ఉంటే ఆ ‘యొక్క’ దగ్గర నాలుక తట్టుకుని తానే కొట్టేసేవాడు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి (1891–1961) కథల్లో పేజీలకి పేజీలు మాటలే నడుస్తాయి. అన్నాడు, అంది అని ఎక్కడోగాని ఉండదు. అయినా ఎవరిది ఏ మాటో తడుముకోనక్కర్లేదు, ఒక్కొక్కరి ఊపిరి ఒక్కో కొలత. ‘వడ్లగింజలు’లో చదరంగం ఎత్తులు నాకు అంతుబట్టవు, ఆ సంభాషణల కోసమే తీస్తాను. ఆ కథ ఎలా ముగుస్తుందో నాకు యాభై ఏళ్లుగా తెలుసు.

విజయనగరం మాటొచ్చింది కనక చాసోగారిని (1915–1994) వదలకూడదు. కథని ముందు నోట చెప్పి, నలుగురికీ వినిపించి, ఆ తరవాతే కాగితం మీద పెట్టేవారని ఇక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆయన కథలు చూస్తే నమ్మబుద్ధవుతుంది. ‘వాయులీనం’లో ఓ చిన్న సంసారం, ఒక జబ్బు, ఆ ఇంట్లో ఉన్న వాయులీనం అమ్ముడుపోవడం. అంతే. మధ్యతరగతి బాధల మీద ఉపన్యాసం లేదు, కళ గొప్పతనం మీద వ్యాసం లేదు. చెప్పాల్సినంత చెప్పి తప్పుకుంటాడు. ఇప్పటి కుర్రాళ్లు ఆ కథ రాస్తే వాయులీనం చేతే ఆత్మకథ చెప్పిస్తారు.

గురజాడవారి ‘దిద్దుబాటు’ (1910) అయితే మరీ విచిత్రం, పూర్తిగా చెవితో రాసిన కథ. అర్ధరాత్రి దాటాక తలుపు పిలుపుతో మొదలు. ఆ పిలిచే మొగుడు వస్తున్నది కూడా ఓ పాట వినే. పెళ్లాం లేని ఇంట్లో ఉత్తరం చదువుకుని కుంగిపోతాడు. చివరికి మంచం కిందనుంచి నవ్వూ, గాజుల చప్పుడూ. మనిషి కనబడదు, వినబడుతుంది. చూశారా, ముగింపు చెప్పేశాను. ఇప్పుడు వెళ్లి చదవండి, ఏమైనా తగ్గిందేమో చూద్దాం.

హరికథలో నాకు అన్నిటికన్నా నచ్చేది పిట్టకథ. సీతా కల్యాణం నడుస్తోంది. రాముడు వింటి దగ్గరికి నడిచాడు, చెయ్యి చాచాడు. అక్కడ హరిదాసు చిరతలు ఆపేశాడు. మృదంగం ఆగింది. ‘ఆ చెయ్యి అలా ఉండనీయండి’ అని మామూలు మాటల్లోకి దిగి, మా ఊళ్లో ఒక పెళ్లికొడుకు ఉండేవాడంటూ మొదలుపెట్టాడు. ఆ పెళ్లికొడుకు మరదళ్ల ముందు బలం చూపించబోయి పందిరి గుంజ పట్టి ఊపాడట. పందిరి కాస్తా మామగారి నెత్తిన కూలిందట. మామగారు తాటాకుల్లోంచి తల బయటపెట్టి, కట్నం ఇంకా ఇవ్వలేదు నాయనా అన్నాడట. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. ఆ నవ్వు పూర్తిగా అణగకముందే, ఎక్కడ వదిలాడో సరిగ్గా ఆ అక్షరం మీద చిరత పడింది, దానితోపాటే మృదంగం దెబ్బా పడింది, విల్లు విరిగింది. నవ్వుతున్నవాళ్లకి నవ్వుతుండగానే ఒళ్లు జలదరించింది. గుంజ ఊపితే పందిరి కూలడానికీ, విల్లు ఎత్తితే విరగడానికీ ఉన్న చుట్టరికం నాకు ఇంటికెళ్లి పడుకున్నాక తట్టింది. స్వరకల్పన చేసే విద్వాంసుడు ఎంత దూరం తిరిగినా పల్లవి ఎత్తుగడకి వచ్చి వాలినట్టే ఇదీ. కట్టలో కథలకి ఫ్లాష్‌బ్యాకులున్నాయి. వెళ్లడం బాగానే వెళతాయి, 1985కి వెళ్లిన ఒక కథైతే ఇంకా రాలేదు.

బుర్రకథకూ ఇదే చెల్లుతుంది. షేక్ నాజర్ గారు (1920–1997) పల్నాటి యుద్ధం చెబుతుంటే బాలచంద్రుడు బతకడని గుంటూరు జిల్లాలో ఎవరికి తెలియదు? వంతలో హాస్యగాడు ఎక్కడ అడ్డుపడాలో, కథకుడు అతన్ని ఎక్కడ కసిరి పక్కన పెట్టాలో, ఆ ఇచ్చిపుచ్చుకోడం కోసమే జనం. సినిమాలోనూ అంతే. 1934లో సి.పుల్లయ్యగారు ‘లవకుశ’ తీశారు. తిరిగి ఆయనే రంగుల్లో అదే కథ మొదలుపెడితే కొడుకు సి.ఎస్.రావుగారు పూర్తి చేశారు, 1963లో విడుదలైంది. సీతమ్మ చివరికి భూదేవి ఒళ్లోకి పోతుందని తెలియని తెలుగు ఆడకూతురు ఉందా? పల్లెటూళ్లనుంచి బళ్లు కట్టుకుని వచ్చారు. మా అమ్మ మళ్లీ వెళదామని మా నాన్నని సతాయించింది. ఏడవడానికి డబ్బులిచ్చి మరీ వెళ్లడమేమిటని ఆయన విసుక్కుంటే, ‘పిల్లల పాట వినడానికండీ’ అంది. లీలా సుశీలా పాడిన ఆ పాటలకి ఘంటసాలవారు కట్టిన బాణీలు అలాంటివి. ఆ ఘంటసాలవారూ మా ఊళ్లో మధుకరం ఎత్తుకుని చదువుకున్నవారే.

అచ్చయితే చాలు నిలిచిపోతామని ఇప్పటివాళ్లకి ఒక భ్రమ. పుస్తకం వేసుకుంటారు, ఆవిష్కరణ చేసుకుంటారు, అటక మీద పెట్టుకుంటారు. అచ్చు కాదు, రాగి మీద చెక్కించినా అంతే. అన్నమాచార్యులవారి (1408–1503) సంకీర్తనల్ని ఆయన వంశీకులు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో భద్రం చేశారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అవి వెలుగులోకి వచ్చేసరికి మాటలు చెక్కుచెదరలేదు, పాట పైన రాగం పేరూ ఉంది, కాని అది ఎలా పాడేవారో చాలావాటికి చెప్పగల గొంతు లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారూ, తరవాత మా సంగీత కళాశాలలోనే చదువుకున్న నెదునూరి కృష్ణమూర్తిగారూ, మరికొందరూ కూర్చుని మళ్లీ బాణీలు కడితే ఇవాళ మనం పాడుకుంటున్నాం. క్షేత్రయ్య పదాలకి ఏ రాగిరేకు ఉందని? కలావంతుల గొంతుల్లో తల్లినుంచి బిడ్డకి దిగుతూ వచ్చాయి.

మా రోజులు అన్నీ బంగారమని నేననను. ఆ పదాలు మోసుకొచ్చిన ఆడవాళ్లకి పెద్దమనుషులు ఏం గౌరవం ఇచ్చారో మా తాతల నోట విన్నాను, అది గొప్పగా చెప్పుకునేది కాదు. పందిట్లో ముందు వరస ఎవరిదో, తాడుకి అవతల నిలబడి వినేదెవరో కూడా మాకు చిన్నప్పుడే తెలుసు. హరిదాసులందరూ నారాయణదాసులేం కాదు. ఒకాయన సీతమ్మ నగల జాబితా మొదలుపెట్టాడంటే కోడి కూసేదాకా వడ్డాణం దగ్గరే ఉండేవాడు, మేం చాపల మీద దొర్లి నిద్రపోయేవాళ్లం. అలాంటివాళ్ల పేర్లు ఇవాళ ఎవరికీ గుర్తులేవు. జనం మరచిపోవడంలో కూడా కొంత న్యాయం ఉంటుంది.

మనవడి దగ్గరికొస్తాను. వాడు ఈమధ్య కథలు వింటున్నాడట, ఫోన్లో ఎవరో చదివి పెడతారు. సంతోషించాను, పోనీ చెవిదాకా వచ్చిందని. ఏదీ పెట్టరా అంటే పెట్టాడు. చదివే అమ్మాయి పరీక్షకి ఆలస్యమైనట్టు పరిగెడుతోంది. ‘ఆ పిల్లకేం తొందర?’ అన్నాను. ‘ఆవిడకి కాదు తాతయ్యా, నేనే ఒకటిన్నర స్పీడులో పెట్టాను, త్వరగా అయిపోతుందని’ అన్నాడు. మా సంగీత కళాశాల పిల్లలు మూడు కాలాలూ సాధన చేస్తారు, అందులో విలంబం నిలబెట్టడమే కష్టమని ఏ మాస్టారినడిగినా చెబుతారు. వీడికి మనిషి ఆగి ఊపిరి తీసుకునే చోటే దండగ. ఆగిన చోట్లు తీసేసి మిగతాది వింటే అది రైల్వే స్టేషన్ ప్రకటనలా ఉండక ఏమవుతుంది? పోనీ మామూలుగా పెట్టమన్నాను. కాసేపయ్యాక ‘బోరు కొడుతోంది తాతయ్యా’ అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ కొట్టింది. ఆ కథ ఒకటిన్నర స్పీడుకే తగినట్టు రాశారు.

పోటీ కట్ట తిరిగి పంపుతూ సంస్థ కార్యదర్శిగారికి ఒక ఉత్తరం రాశాను. వచ్చే ఏడు నన్ను న్యాయనిర్ణేతగా పెట్టదలిస్తే కాగితాలు పంపవద్దు, చివరిదాకా మిగిలిన నలుగురైదుగురు రచయితల్ని పిలిపించండి, మా ఇంటి అరుగు మీద కూర్చుని చదివి వినిపిస్తారు, వారం పోయాక మళ్లీ వచ్చి అదే కథ ఇంకోసారి చదువుతారు, రెండోసారి కూడా నేను కునుకు తీయకుండా విన్నదానికి బహుమతి ఇవ్వండి అని. జవాబు వచ్చింది. ఆలోచన బాగుందట, నన్ను ఎంతో గౌరవిస్తారట, కాని రచయితల రానుపోను ఖర్చులకి నిధులు లేవట. శాలువాలకి మాత్రం ఉన్నాయట, నా కొలత అడిగారు.